ఇక్కడ ఎకరం ఎంత?

మొన్న డిసెంబరులో పాడేరు దగ్గర ఒక కొండెక్కి దిగి వస్తున్నాం. ఐదుగురం. నలుగురం ఏటా కలిసి వెళ్లేవాళ్లమే, ఐదో ఆయన మాతో రావడం అదే మొదటిసారి. గెడ్డ దాటేచోట బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చుట్టూ ఒకసారి కలయజూసి, మాకు దారి చూపిస్తున్న అన్నని అడిగాడు: "ఇక్కడ ఎకరం ఎంత పలుకుతోంది?"

ఆయన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. వైజాగ్‌లో ఉండేవాళ్లం, ఎక్కడ నాలుగు చెట్లు, వాటి మీద కాస్త మంచు కనిపించినా మన నోట ముందు వచ్చే ప్రశ్న అదే. పన్నెండేళ్ల కిందట మొదటిసారి ఏజెన్సీకి వెళ్లినప్పుడు నేనూ అడిగాను. "అమ్మడానికి లేదు బాబు" అని ఒక్క మాటతో తేల్చేశారు అప్పుడు. ఈసారి అన్న అంతటితో ఆపలేదు. "మీరు ఏ ముక్క గురించి అడుగుతున్నారు బాబు?" అని ఎదురు అడిగి, చెయ్యెత్తి కింద నుంచి పైకి చూపించుకుంటూ వెళ్లాడు. ఈ పల్లం మా అన్నదమ్ములది, ఆ గరువు మా చిన్నాన్న వాళ్లది, దానిపైన పోడు, అది ఊళ్లో తలా కొంచెం. ఆ తోపులో కాఫీ మొక్కలు మావే గానీ నేల ఫారెస్టోళ్లది. ఇంక పైనంతా వాళ్లదే, మేం కట్టెలకి, అడ్డాకులకి, తేనెకి వెళ్తాం.

కొండ ఒక్కటే, దాని మీద సొంతం మాత్రం ఐదు రకాలు. ఇన్నేళ్లుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నా నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక కూడా అదే తిరుగుతోంది బుర్రలో, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ ఊరి పేరు, కొండ పేరు రాయను. వంజంగి పేరు ఫోన్లలో పాకిన తర్వాత ఆ కొండ మీదికి ఎంత జనం, ఎంత ప్లాస్టిక్ చేరాయో చూసినవాడిని.

ముందు ఈ కొండల సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఎవరి నేల ఎవరిది అన్నది చాలావరకు నేల తీరుని బట్టే తేలింది. పడమటి కనుమల్లా మన తూర్పు కనుమలు ఒకే గోడ కాదు, మహానది, గోదావరి, కృష్ణ, పెన్న వీటిని ముక్కలు ముక్కలుగా కోసేశాయి. ఆ ముక్కల్లో గోదావరికి ఉత్తరాన ఉన్నదే బాగా ఎత్తు. సముద్రం వైపు నుంచి వెళ్తే శృంగవరపుకోట దాకా, ఇటు మాడుగుల దాకా చదును, అక్కడి నుంచి ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేశాక అవతలి వైపు దిగుతామనుకుంటాం, దిగం. దాదాపు 900 మీటర్ల ఎత్తున నేల పరుచుకుని అలాగే పోతూ ఉంటుంది, అరకు, హుకుంపేట, పాడేరు, ముంచంగిపుట్టు, ఆ పైన ఒడిశాలో కోరాపుట్. మనం అరకులోయ అంటాం గానీ ఆ లోయ అడుగే అంత ఎత్తులో ఉంది. ఆ పీఠభూమి మీద మళ్లీ కొండలు, కొన్ని 1600 మీటర్లు దాటతాయి. కోరాపుట్ వైపు దేవమాలి 1672 మీటర్లు. రాష్ట్రాల గీత మధ్యలో వెళ్తుంది గానీ ఎక్కేవాడికి ఆ గీత ఎక్కడా కనపడదు, రెండు పక్కలా అవే చుట్టరికాలు, అవే సంతలు.

నీళ్ల సంగతి నాకు చాలా ఇష్టం, ఎవరు వచ్చినా ముందు ఇదే చెబుతాను. గోస్తని, శారద, వరాహ, తాండవ, ఇవన్నీ ఈ కొండల తూర్పు వాలున పుట్టి నేరుగా వచ్చి సముద్రంలో కలుస్తాయి. మాచ్‌ఖండ్ మాత్రం మాడుగుల కొండల్లోనే, సముద్రానికి వంద కిలోమీటర్లు కూడా లేనిచోట పుట్టి, సముద్రానికి వీపు చూపించి లోపలికి వెళ్లిపోతుంది. ఒడిశా సరిహద్దు పట్టుకుని ఉత్తరానికి వెళ్లి, డుడుమ దగ్గర దూకి, సీలేరై, శబరిలో కలిసి, శబరితో పాటు గోదావరిలో చేరి, ఆఖరికి కోనసీమ దగ్గర అదే సముద్రానికి వస్తుంది. మధ్యలో ఎన్ని కరెంటు కేంద్రాలు తిప్పుతుందో. మాడుగుల గట్ల మీద ఒకచోట నిలబడి సీసాలో నీళ్లు ఇటు కొన్ని, అటు కొన్ని పారబోస్తే ఇటువి ఒకటి రెండు రోజుల్లో సముద్రం చూస్తాయి, అటువి రెండు రాష్ట్రాలు తిరిగి రావాలి.

ఇక్కడి రాయి పేరు ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే కోందు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు, ప్రపంచంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివినా ఆ పేరుతోనే చదువుతారు. లక్షల ఏళ్ల వానకి ఆ రాయిలోని సిలికా కడుక్కుపోయి, కొండ నెత్తిన ఎర్రటి గట్టి పొర మిగిలింది. అదే బాక్సైట్. కొన్ని కొండల పైభాగం బల్లపరుపుగా, గడ్డి తప్ప పెద్ద చెట్టు లేకుండా కనిపించేది ఆ పొర వల్లే. గాలికొండ, రక్తకొండ, జెర్రెల వైపు కొండలు అలాంటివి. ఆ పొర వాన నీళ్లని తాగి మెల్లగా వదులుతుందని, మే నెలలో కూడా గెడ్డ ఎండకపోవడానికి అదే కారణమని ఊళ్లవాళ్లు చెబుతారు. మేం దాటిన గెడ్డ కూడా అలాంటి కొండ కిందదే.

ఇప్పుడు అన్న చూపించిన వరుసలోనే పైకి వెళ్దాం.

పల్లం అంటే గెడ్డ వెంబడి మెట్లు మెట్లుగా కట్టిన వరి మడులు. గట్లన్నీ రాతి పేర్పు, సిమెంటు చుక్క లేదు. కొన్ని మడులు మన హాలంత కూడా ఉండవు. వీటికి పట్టాలు ఉన్నాయి, అయితే ఆ పట్టాలు మరీ పాతవి కావు. అంతకుముందు ఇక్కడ ముఠాలు ఉండేవి, కొన్ని ఊళ్లు కలిపి ఒక ముఠా, దానికో ముఠాదారు. రైతు దగ్గర శిస్తు వసూలు చేసి పైకి కట్టేది ఆయన. ఆ పైన మాడుగుల, జయపురం లాంటి జమీందారీలు. 1969లో రెగ్యులేషన్ తెచ్చి ముఠాలు రద్దు చేసి రైత్వారీ చేశారు. అంటే ఇక్కడి రైతుకి తన మడి మీద తన పేరుతో కాగితం రావడం మొదలై యాభై ఏళ్లు దాటింది, అంతే. మడి మాత్రం ఎన్ని తరాల నుంచి ఉందో.

గరువు అంటే మడులకి పైన కాస్త వాలుగా ఉండే మెట్ట. చోళ్లు అంటే రాగులు, సామలు, వలిసెలు వేస్తారు. నవంబరు, డిసెంబరుల్లో మనవాళ్లు అరకు వెళ్లి పసుపు పూల మధ్య నిలబడి ఫొటోలు దిగుతారు చూడండి, అవి వలిసెలే, ఒక ఇంటివాళ్ల నూనె గింజల పంట. చేనులోకి దిగి తొక్కితే ఆ మేరకు పోయినట్టే. ఫొటోకి డబ్బులు అడిగారని ఊరికొచ్చి చిరాకు పడేవాళ్లని చాలామందిని విన్నాను. మన పెరట్లోకి ఎవరైనా చెప్పకుండా వచ్చి మొక్కలు తొక్కితే మనం ఏం చేస్తాం?

పోడు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో తెల్లవాళ్లు అడవికి హద్దులు గీసి రిజర్వు ఫారెస్టు అన్నారు. అప్పటిదాకా కొండవాలున ఒకచోట రెండేళ్లు సాగుచేసి, దాన్ని వదిలేసి పక్కకి వెళ్లి, అడవి పెరిగాక మళ్లీ వచ్చేవాళ్లు, ఆ గీతతో ఒక్కరోజులో ఆక్రమణదారులైపోయారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక గూడెం కొండలవాళ్లు నిలబడ్డారంటే అది ఊరికే కాదు. ఈ పోడు మీద ఆంక్షలు, నర్సీపట్నం నుంచి పైకి వేసిన రోడ్డు పనుల్లో వెట్టి, అవే ఆ మంట. ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి. చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి తెల్లవారుజామున కార్లలో వెళ్తామే, ఆ ఘాట్ ఎక్కినప్పుడల్లా నాకు ఆ కూలి ఎగ్గొట్టిన రోడ్డే గుర్తొస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చి, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడుకి హక్కు పత్రం ఇవ్వాలంది. కుటుంబానికి నాలుగు హెక్టార్లు మించకుండా. ఆఫీసుల్లో ఆర్ఓఎఫ్ఆర్ పట్టా అంటారు, ఊళ్లలో పోడు పట్టా. ఇచ్చిన చోట్ల కూడా అడిగినంత రాలేదని దాదాపు ప్రతి ఊళ్లో వింటాం, ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కనే చేస్తున్న పోడులో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాని ఇళ్లు నేనే చూశాను.

కాఫీ గురించి మీకు తెలిసిందే. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ. గిరిజనుల అభివృద్ధి చూసే ఐటీడీఏ మొక్కలు ఇవ్వడం, గిరిజన సహకార సంస్థ జీసీసీ కొనడం, 2019లో అరకు అరబికాకి జీఐ, అంటే ఫలానా చోటి సరుకన్న గుర్తింపు. పళ్లు ఎర్రబడే కాలంలో ఆ నీడలోంచి నడుస్తుంటే ఒక పులుపు వాసన వస్తుంది, కాఫీ వాసన కాదది, గుజ్జు పులిసిన వాసన. ఇంటి ముందు పరదా మీద గింజలు ఎండుతూ ఉంటాయి, దాటుకుని వెళ్లాలి, తొక్కకూడదు.

దానిపైన ఆర్.ఎఫ్. అని సున్నంతో రాసిన రాయి. అక్కడి నుంచి సర్కారు అడవి.

సరే, ఎకరం ఎంత అన్న ప్రశ్నకి జవాబు ఎందుకు లేదు? ఏజెన్సీ అన్న మాటే చూడండి. మనం అడవి ప్రాంతం అనే అర్థంలో వాడేస్తాం గానీ అది 1839 చట్టం నాటిది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుని గవర్నరుకి ఏజెంటుగా పెట్టారు. ఆ ఏజెంటు పాలించేది ఏజెన్సీ. తర్వాత కింది నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారులు ఉప్పుకి, బట్టకి, అప్పుకి భూములు రాయించుకోవడం ఎక్కువైపోయి, 1917లో ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్లకి మారకూడదని చట్టం చేశారు. అనుమతి అన్న ఆ సందులోంచి మళ్లీ పోయాయి. 1959లో ఒక రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ. ఇదే అందరూ చెప్పుకునే వన్ ఆఫ్ సెవెంటీ.

అందులో ఉన్న గట్టి మాట ఏమిటంటే, గిరిజనేతరుడు అమ్మినా సరే గిరిజనుడికే అమ్మాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి. గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి కూడా చెల్లదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఏదైనా, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవలసింది అతనే. ఇది అన్యాయం అంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1988లో కోర్టు ఇది సరైనదే అంది. నాకు తెలిసిన చట్టాల్లో బలహీనుడి వైపు ఇంత నిక్కచ్చిగా నిలబడ్డవి చాలా తక్కువ.

మరి ఆ అమ్మకూడదన్నది మనుషులకేనా, సర్కారుకి కూడానా? ఈ ప్రశ్న అనంతగిరి మండలంలో లేచింది. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం లీజులు ఇస్తే, సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, చట్టంలో వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది, కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమి అయినా సరే గిరిజనేతరులకి లీజుకి ఇవ్వడానికి లేదు. దేశంలో షెడ్యూల్డు ప్రాంతాల గురించి ఎక్కడ వాదన జరిగినా సమత తీర్పు అని చెప్పుకునేది మన అనంతగిరి కొండల నుంచి వెళ్లిన కేసునే. బొర్రా గుహలకి వెళ్లే లక్షల మందిలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో. అక్కడ ఎక్కడైనా ఒక బోర్డు ఉంటే బాగుణ్ణు.

అలాగని పోరు ఆగిపోలేదు. ప్రైవేటుకి కుదరకపోతే ప్రభుత్వ సంస్థ పేరుతో తవ్వొచ్చు కదా అని 2015లో జెర్రెల, చింతపల్లి అడవుల్లో 1212 హెక్టార్లు బాక్సైట్‌కి ఇస్తూ జీవో 97 వచ్చింది. చింతపల్లి, జీకే వీధి, పాడేరు, అంతటా జనం రోడ్డెక్కారు. 2019లో ఆ లీజులు రద్దయ్యాయి. ఆ బల్లపరుపు నెత్తి మీద నేను పడుకుని నక్షత్రాలు చూశాను. దాన్ని తవ్వేస్తే కొండ ఎత్తు కొన్ని మీటర్లే తగ్గుతుందని ఒకాయన నాతో వాదించాడు. తగ్గేది ఎత్తు కాదు, మే నెల గెడ్డ.

ఇక నడిచే మన సంగతి. స్కాట్లాండులో కొండలు చాలావరకు ప్రైవేటు ఎస్టేట్లే, ఒక్కో ఆసామికి వేల ఎకరాలు. కానీ 2003లో చట్టం చేసి, బాధ్యతగా నడుచుకునేవాళ్లెవరైనా ఆ కొండల మీద నడవొచ్చన్నారు. అక్కడ డబ్బున్నవాడు కొండని కొనుక్కోగలడు గానీ నడిచేవాడిని ఆపలేడు. ఇక్కడ కొండని మనం కొనలేం, నడిచే హక్కూ చట్టంలో ఎక్కడా లేదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం మన అటవీ చట్టం ప్రకారం నేరమే. దాని కింద పోడులోంచి, గరువు గట్టు మీంచి, ఇళ్ల మధ్య నుంచి మనం వెళ్లేది కేవలం ఆ ఊరివాళ్లు వద్దనలేదు కాబట్టి. ఇది నాకు ఈమధ్యే ఎక్కింది. ఇన్నేళ్లు నేను ట్రెక్కింగ్ అనుకున్నది, నిజానికి ఒకరింటి వెనక తలుపు నుంచి ముందు తలుపు దాకా నడవడం. అందుకే ఇప్పుడు ఊళ్లో ఎవరినైనా అడక్కుండా పైకి వెళ్లం, తోడు వచ్చినవాళ్లకి రోజు కూలి కన్నా ఎక్కువే ఇస్తాం, తిండి బయటి నుంచి మోసుకెళ్లకుండా ఊళ్లోనే డబ్బిచ్చి వండించుకుంటాం.

రాయకుండా ఉండలేని మాట ఇంకొకటి ఉంది. బినామీ. చట్టం అంత గట్టిగా ఉన్నా, గిరిజనుడి పేరు మీద కాగితం పెట్టి వెనక డబ్బు మనవాళ్లది పెట్టి రిసార్టులు, టెంట్లు కట్టేస్తున్నారు. రెండేళ్ల కిందట నాకే ఒక దగ్గరి మనిషి అలాంటి వాటా ఇస్తానన్నాడు. "పేరు వాళ్లది, పెట్టుబడి మనది, ఏం టెన్షన్ లేదు" అన్నాడు. నేను కుదరదన్నాను, మాటా మాటా పెరిగి ఇప్పటికీ మా మధ్య సరిగ్గా మాటల్లేవు. నాకు బాధ లేదు. ఆ పేరు పెట్టిన కుర్రాడు ఆ రిసార్టులోనే వాచ్‌మన్‌గా ఉంటాడని తెలుసు, తన నేలకి తనే కాపలా.

ఆ రాత్రి అన్న వాళ్లింట్లోనే పడుకున్నాం. చోడి అంబలి, చిక్కుడు గింజల కూర, అన్నం. తిన్నాక మాటల్లో పోడు పట్టా సంగతి వస్తే వదిన లోపలికి వెళ్లి రేకుపెట్టె తెచ్చింది. పైన బట్టలు, వాటి కింద రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, అట్టడుగున ప్లాస్టిక్ కవర్లో పెట్టి దారంతో చుట్టిన పట్టా. మడతల దగ్గర కాగితం చిరుగుతోంది. సరిగ్గా రెండెకరాలు కూడా లేదు. ఎంత, ఎక్కడ అన్న వివరం, హద్దుల బొమ్మ, కింద సంతకాలు.

ఎకరం ఎంత అని అడిగిన మా ఐదో ఆయనే దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, కళ్లజోడు పెట్టుకుని దీపం దగ్గరికి జరిగి చదవడం మొదలుపెట్టాడు. వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి గానీ ఇతరులకి బదలాయించడానికి గానీ వీల్లేదు అన్న వాక్యం దగ్గర కాస్త ఆగాడు. ఈ పట్టాలు భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. వదిన పక్కనే మోకాళ్ల మీద కూర్చుని కాగితం మీదికి వంగింది.

"నా పేరు ఎక్కడుంది బాబు, అది చదువు" అంది.

ఆయన వేలు పెట్టి చూపించి, ఇంటిపేరుతో సహా పైకి చదివాడు. "ఇంకోసారి" అంది. ఇంకోసారి చదివాడు. ఆమె కాగితం తీసుకుని పాత మడతల్లోనే మడిచి, కవర్లో పెట్టి, దారం చుట్టి, బట్టల కిందకి తోసి పెట్టె మూసేసింది.